ఆనపబుర్రలో మూడు గింజలు

ఆ ఏడాది అడవిలో ఒక్క ఆనపకాయ కూడా కాయలేదు. అక్కడ కాసే రకాన్ని ఆ తరవాత కూడా ఎవరూ చూడలేదు. తప్పు చలిది కాదు, ఎండది కాదు. దూదమ్మ అనే కుందేలుది. మంచి మనసుతోనే చేసింది. అయినా తప్పు తప్పే.

అనగనగా, శివరాత్రి వెళ్ళినా చలి వదలని ఒక కొండ అడవి. అక్కడి జంతువులన్నీ కూరపాదులు పెట్టుకుని బతికేవి. విత్తనాలు దాచే పని మాత్రం గవరమ్మ అవ్వది. ఆవిడ ముసలి ఏదుపంది. ముళ్ళు సగం రాలిపోయాయి, కాళ్ళు పట్టేశాయి. అవ్వ దగ్గర ఎండిన ఆనపబుర్ర ఒకటి ఉండేది. దాని నిండా బూడిద. ఆ బూడిదలో ఆనప గింజలు. ఆ గింజలకి కాసే కాయ కుండలా గుండ్రంగా ఉండేది. లేతగా కోస్తే పచ్చిదే తినేయొచ్చు, అంత తియ్యన.

ముందు ఏడాది వడగళ్ళు పడి పాదులన్నీ పోయాయి. బుర్రలో తొమ్మిది గింజలే మిగిలాయి. అదే చలికాలం అవ్వకి దగ్గు పట్టుకుంది. పక్క బొరియలో ఉండే దూదమ్మని పిలిచింది. దూదమ్మకి తల్లి లేదు. చిన్నప్పటి నుంచీ ఆకూ అలమూ పెట్టి పెంచింది అవ్వే.

"ఈసారి నాటేది నువ్వేనే," అంది అవ్వ. "మూడు గింజలు బొరియలో, దొప్పల్లో మట్టి పోసి పెట్టు. మూడు బయట మడిలో పెట్టు. మూడు బూడిదలోనే ఉంచు. వానలు వచ్చేదాకా వాటి జోలికి పోకు."

"ఎందుకవ్వా?"

"బయటివి చలికి పోవచ్చు. లోపలివి నీ చేతిలో పోవచ్చు. బూడిదలోవి ఎక్కడికీ పోవు."

"నా చేతి మీద బాగానే ఉంది నమ్మకం."

"నా చేతి మీదా నాకు అంతే నమ్మకం. అందుకే ఇన్నేళ్ళు గింజ మిగిలింది." అవ్వ కాసేపు దగ్గి మళ్ళీ అంది. "ఇంకో మాట. బొరియలో మొలిచిన మొక్క ఎండ ఎరగదు. ఒక్కసారే బయట పెట్టకు. మొదటి రోజు పొద్దుటి ఎండలో కాసేపు ఉంచి లోపలికి తెచ్చెయ్. మర్నాడు ఇంకాసేపు. అలా ఏడు రోజులు తిప్పి, అప్పుడు నాటు."

"సరే అవ్వా."

"లేత ఆనపకాయ ఇంకొక్కసారి తింటే చాలనిపిస్తోందే," అంది అవ్వ, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

దూదమ్మ చెవుల్లో ఆ చివరి మాటే ఉండిపోయింది.

మడిలో పెట్టిన మూడూ మొలవలేదు. పది రోజులు చూసి తవ్వితే మెత్తగా కుళ్ళి కనిపించాయి. బొరియలోవి మాత్రం మూడూ మొలిచాయి. వెలుతురు కోసం బొరియ మూతి వైపు మెడలు సాచి రోజురోజుకీ పొడుగయ్యాయి. ఉడత పిలకయ్య తొంగి చూశాడు.

"దూదమ్మక్కా, ఇవి మొక్కలా, కొంగ కాళ్ళా?"

"పొడుగ్గా ఉన్నాయని నీకు కుళ్ళు."

"పొడుగు సంగతి సరే, పాలిపోయాయి చూడు. రేపటి నుంచి ఎండకి తిప్పు. దొప్పలు నేనూ మోస్తాలే, ఊరికే చెట్లెక్కి దిగడమేగా నా పని."

"సరే, రేపు రా," అంది దూదమ్మ.

కానీ మర్నాడు పొద్దున అవ్వకి దగ్గు తెర ఆగలేదు. గుక్కెడు నీళ్ళు కూడా మింగలేకపోయింది. అలిసిపోయి నిద్రపోయింది. దూదమ్మ ఆ ముఖం చూసింది. 'ఏడు రోజులట. అవ్వకి ఏడు రోజులున్నాయా?' అనుకుంది. పిలకయ్య వచ్చేదాకా కూడా ఆగలేదు. మూడు దొప్పలూ మడికి మోసుకెళ్ళి మొక్కలు నాటేసింది. నాటాక మూడే చాలవనిపించింది. వెనక్కి వచ్చి, నిద్రపోతున్న అవ్వ పక్క నుంచి బుర్రలో చెయ్యి పెట్టింది. బూడిదలోని మూడు గింజలూ తీసింది. 'ఆరింటిలో ఒక్కటైనా అవ్వకి అందకపోతుందా' అనుకుంటూ వాటినీ మడిలోనే పెట్టింది.

మధ్యాహ్నానికి ఆకులు ఉడికినట్టు తెల్లబడ్డాయి. దూదమ్మ టేకాకులు కప్పింది, నీళ్ళు పోసింది. సాయంత్రానికి కాడలు నేల మీద పడుకున్నాయి. మర్నాడు తెల్లారేసరికి మడి మీద మంచు పేరుకుంది. వారం తరవాత గింజలు తవ్వి చూసింది. అవీ కుళ్ళిపోయాయి.

దూదమ్మ అవ్వ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మొక్కలు పోయాయవ్వా. ఎండకి తిప్పకుండా నాటాను."

"బుర్ర ఇటివ్వు," అంది అవ్వ.

బూడిదలో చెయ్యి పెట్టి అటూ ఇటూ వెతికింది. అడుగుదాకా వెతికింది.

"మూడూ తీశావా?"

"తీశాను. నీ కోసమే తొందరపడ్డానవ్వా."

"నేనేం తొందరపెట్టలేదే," అంది అవ్వ. తిట్టలేదు. చేతికంటిన బూడిద దులుపుకుంది, అంతే.

అవ్వ ఆ వారం చచ్చిపోలేదు. ఆ నెలా చచ్చిపోలేదు. ఎండలు ముదిరాక దగ్గు తగ్గింది. మూడు నెలలు బతికింది. ఆ మొక్కల్ని ఏడు రోజులు తిప్పి నాటి ఉంటే, ఎండాకాలం సగంలోనే లేత కాయలు దిగేవి. దూదమ్మ రోజూ దుంపలు తెచ్చి పెట్టేది. అవ్వ తినేది. పొరపాటున కూడా ఎవరూ ఆనపకాయ మాట ఎత్తలేదు. తొలి వాన పడిన పొద్దున అవ్వ లేవలేదు.

పిలకయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అవ్వకి వయసైపోయిందక్కా."

"అవ్వ పోవడం నా వల్ల కాదు," అంది దూదమ్మ. "కాయ తినకుండా పోవడం నా వల్లే."

మరుసటి చలికాలం దూదమ్మ రెండు కొండలు దాటి వెళ్ళి వేరే అడవి నుంచి ఆనప గింజలు తెచ్చింది. వాటి కాయలు పొడుగ్గా, చప్పగా ఉండేవి. అవ్వ కాయ కాదు. అయినా వాటిని అవ్వ బుర్రలోనే, బూడిదలో దాచింది. ఏటా గింజలు పంచే రోజున పిల్లల్ని కూర్చోబెట్టి, "అవ్వ విత్తనం నా చేతిలో పోయింది," అని ముందు అదే చెప్పేది. ఆ తరవాతే గింజలు పంచేది. వానలు రాకముందు బుర్రలోని ఆఖరి మూడు గింజలు ఎవరడిగినా, ఎంత ఏడ్చినా తీయకూడదనుకుంది. బతికినన్నాళ్ళూ తీయలేదు.

నీతి: ప్రేమతో తొందరపడినా తొందర తొందరే. ఆఖరి గింజను ఎవరి కోసమూ ముందే తీయకూడదు.