బోడి ఎలుగుపిల్లకు చొక్కా

అనగనగా నల్లరేగడి చేల పక్కన ఒక అడవి. ఆ అడవిలో గిజిగాడు మాస్టారు బట్టల పని నేర్పే బడి నడిపేవాడు. అల్లికలో ఆయనకు ఆయనే సాటి. జిలుగు అనే ఉడుత, పాలబుగ్గ అనే కుందేలు ఆయన దగ్గర చదువుకునేవి.

జిలుగు చేతులు మహా చురుకు. సూది పట్టిందంటే పరుగే పరుగు. మెరిసేది ఏది కనబడినా దాని కళ్ళు అక్కడే అతుక్కుపోయేవి. ఓపిక మాత్రం ఆవగింజంత.

ఒకరోజు ఎలుగమ్మ రొప్పుతూ బడికి వచ్చింది.

"మాస్టారూ, మా బుడ్డోడు తేనె కోసం చెట్టెక్కి ఒళ్ళంతా బంక పూసుకొచ్చాడు. ఎంత రుద్దినా వదల్లేదు. చివరికి బొచ్చంతా కత్తిరించేశాను. ఇప్పుడు అచ్చం గుమ్మడికాయలా ఉన్నాడు!" అంది.

ఉడుతా కుందేలూ కిసుక్కున నవ్వాయి.

"నవ్వకండమ్మా. సిగ్గుతో వాడు గుహ దాటడం లేదు. దాటితే ఈ ఎండకి ఒళ్ళు కమిలిపోతోంది. బొచ్చు మళ్ళీ వచ్చేదాకా వాడికో చొక్కా కావాలి" అంది ఎలుగమ్మ. ఆ మాటతో ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"కుడదాం తల్లీ" అన్నాడు మాస్టారు. పిల్లలిద్దరినీ చేను గట్టుకి తీసుకెళ్ళాడు. రైతులు ఏరుకోగా మిగిలిన పత్తి అక్కడక్కడా తెల్లగా వేలాడుతోంది.

"ముందు గింజలు తీయాలి. తర్వాత దూది ఏకాలి. ఆ తర్వాత కదురు మీద నూలు వడకాలి. అప్పుడు నేత" అన్నాడు మాస్టారు.

పాలబుగ్గ తల ఊపి కూర్చుంది. జిలుగు కూడా కూర్చుంది. గింజలు తీస్తుంటే దాని గోళ్ళు నొప్పెట్టాయి. దూది ఏకుతుంటే ముక్కులోకి పోయి తుమ్ములొచ్చాయి. ఇక నూలు వడకబోతే దారం పుటుక్కున తెగింది.

"అబ్బా! ఇలాగైతే చొక్కా అయ్యేసరికి వాడికి మీసాలొస్తాయి!" అని కదురు పక్కన పడేసి చెట్టెక్కేసింది.

కొమ్మ మీద కాకి కూర్చుని ఉంది. దాని ముక్కులో ఎర్రగా తళతళలాడే గుడ్డ ఒకటి ఉంది.

"కాకి మామా, ఎక్కడిది అది?"

"ఊళ్ళో చెత్తకుప్ప మీద దొరికింది. ప్లాస్టిక్ దారంతో నేస్తారట. నలగదు, చిరగదు. కావాలా?"

జిలుగు ఎగిరి గంతేసి గుడ్డ అందుకుంది. మధ్యాహ్నానికల్లా చొక్కా తయారు! మాస్టారికి చెబుదామా అనుకుంది. 'చెబితే మళ్ళీ కదురు దగ్గర కూర్చోమంటాడు' అనుకుని నేరుగా గుహకి పరుగెత్తింది.

బుడ్డోడు చొక్కా తొడుక్కుని నీళ్ళకుండలో తన నీడ చూసుకున్నాడు. "అమ్మా, నేను నిప్పురవ్వలా ఉన్నానే!" అని కేక పెట్టి ఎండలోకి దూకాడు. జింకలు మెచ్చుకున్నాయి. కోతులు ఈలలు వేశాయి. జిలుగు తోక గర్వంతో గొడుగులా విచ్చుకుంది.

కాసేపటికి బుడ్డోడు వీపు గోక్కున్నాడు. ఆ తర్వాత పొట్ట గోక్కున్నాడు. ఆ తర్వాత ఎటు పోయాడో కనబడలేదు.

ఎలుగమ్మ గాభరాగా వెతికింది. జిలుగూ వెతికింది. చివరికి వాడు వాగులో మెడ దాకా మునిగి కనిపించాడు. మొహం కందిపోయింది. కళ్ళలో నీళ్ళు.

"చొక్కా విప్పరా నాన్నా!" అంది జిలుగు.

"విప్పితే అందరూ నవ్వుతారక్కా. కానీ లోపల మండుతోంది" అని వెక్కాడు వాడు.

ఇంతలో ఒక చేపపిల్ల నీళ్ళ పైకి వచ్చింది. "మండేది వాడొక్కడికేనా? ఈ చొక్కా పోగులు ఊడి మా నోట్లో ఇరుక్కుంటున్నాయి. నమిలితే నలగవు, మింగితే అరగవు!" అని ఉమ్మింది.

జిలుగు వాణ్ణి గట్టుకి లాగి చొక్కా విప్పించింది. తప్పు గుడ్డ మీదా, కాకి మీదా నెట్టేయొచ్చు. కానీ బుడ్డోడి వీపు మీద లేచిన ఎర్రటి పొక్కులు చూశాక దానికి ఆ మాట నోట రాలేదు. వాణ్ణి బూరుగాకుల్లో చుట్టి, వాళ్ళమ్మకి అప్పగించి, ఆ ఎర్ర చొక్కా పట్టుకుని బడికి వెళ్ళింది.

"మాస్టారూ, తప్పు నాదే. మెరుపు చూశాను. వాడి ఒంటి సంగతి చూడలేదు" అంది.

గిజిగాడు మాస్టారు కోప్పడలేదు. "పత్తికి గాలి ఆడుతుంది. చెమట పీల్చుకుంటుంది. చిరిగి పాతబడితే మట్టిలో కలిసిపోతుంది. ఇది మాత్రం ఎన్నేళ్ళున్నా కలవదు. అందుకని ఎక్కడా పారేయకు. వానాకాలంలో మన పత్తి మూటకి గొడుగవుతుంది" అన్నాడు.

పాలబుగ్గ తన నూలు ఉండ తెచ్చి చూపించింది. "ఇది వీపుకే సరిపోతుందే. మిగతాది నువ్వు వడుకు" అంది.

జిలుగు కూర్చుంది. దారం తెగింది. ముడి వేసింది. మళ్ళీ తెగింది. మళ్ళీ ముడి వేసింది. ఇద్దరూ వడికిన నూలుని మాస్టారు ముక్కుతో చకచకా నేశాడు.

"తెల్లగా ఉంటే వాడికి నచ్చదేమో" అని జిలుగు దిగులుపడింది.

"మోదుగలు పూసి ఉన్నాయి కదా!" అంది పాలబుగ్గ.

రంగు గట్టిగా పట్టేందుకు గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టారు. తర్వాత ఎండకి కాగిన మోదుగపూల రసంలో ముంచారు. తీసేసరికి పొద్దుపొడుపు రంగు! ఆరగానే జిలుగు సూది పట్టి చొక్కా కుట్టింది.

కొత్త చొక్కా వేసుకుని బుడ్డోడు ఊపిరి బిగబట్టాడు. వీపు గోక్కోవాలా అన్నట్టు చేయి లేపాడు. దించేశాడు. "అక్కా, చల్లగా ఉందే!" అని ఎండలో ఒకటే గెంతులు. వాగులో చేపలు కూడా తోకలు ఆడించాయి.

అది చూసి ఎలుగమ్మ సిగ్గుపడుతూ జిలుగు దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, నాక్కూడా అలాంటిదే ఒకటి కుట్టవూ?"

జిలుగు ఎలుగమ్మని కింది నుంచి పైదాకా చూసింది. ముందు నుంచి వెనక దాకా చూసింది.

"పాలబుగ్గా, చేను మొత్తం వెతకాల్సిందే పద!" అని నవ్వుతూ బుట్ట అందుకుంది.

నీతి: బట్ట కుట్టే ముందు దాని మెరుపు కాదు, తొడుక్కునే ఒంటికీ, అది చివరికి చేరే నేలకీ నీటికీ మంచిదో కాదో చూడాలి.