గంపలెత్తించిన రాజుగారు

ఒకానొక రాజ్యంలో వానలకు కరువొచ్చింది గానీ రాజుగారి బిరుదులకు రాలేదు. ఆయన పేరు రణధవళుడు. పేరుకు ముందు చదవాల్సిన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధుల గొంతు ఆరిపోయేది.

ఆ ఏడు రాజుగారు పొరుగు రాజు ఇచ్చిన విందుకు వెళ్ళి, అక్కడి కోళ్ళదొడ్డి చూసి వచ్చారు. అది మొదలు ఆయనకు కంటి మీద కునుకు లేదు. మనకూ కోళ్ళదొడ్డి ఉండాలి, వాళ్ళదాని కంటే పెద్దది ఉండాలి. కోడిపిల్లల్ని తెచ్చి పెంచడమా, గుడ్డుకొచ్చిన పెట్టల్నే తెచ్చుకోవడమా అని కొలువు తీర్చారు. జనం గంజికి ఏడుస్తుంటే కొలువు కోళ్ళ మీద జరిగింది.

మంత్రి చండభానుడు పెట్టలే మేలన్నాడు. పిల్లలైతే చలికి కొన్ని, గద్దకు కొన్ని, తెగులుకు కొన్ని పోతాయి, మిగిలినవి గుడ్డు పెట్టేసరికి సగం ఏడాది గడుస్తుంది, అంతకాలం ప్రభువులు ఎదురుచూడటమేమిటి అన్నాడు. విదూషకుడు తిప్పన్న మాత్రం పిల్లలే మేలన్నాడు. ఆలస్యమైనా అవి మన చేతి కింద పెరుగుతాయి, మనల్ని ఎరిగి ఉంటాయి అన్నాడు. కోడి తనను ఎరిగి ఉండటమనే మాటకు రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, మంత్రి చెప్పిందే ఖాయం చేశారు.

తిప్పన్నకు ఇది కొత్త కాదు. ఆయన ఏది చెప్పినా రాజుగారు నవ్వేవారు, నవ్వాక మరిచిపోయేవారు. ఆ కొలువులోనే ఆయన జుట్టు నెరిసింది గానీ, ఆ నవ్వు వల్ల ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

ఇక పెట్టలు ఎక్కణ్ణించి రావాలి? కోట వెనకున్న పేట నుంచే. భటులు ఇంటింటికీ వెళ్ళి పెట్టల్ని పట్టుకుని, ఒక్కో పెట్టకు బదులుగా సంతలో కొన్న కోడిపిల్లను ఒక్కోటి ఇచ్చిపోయారు. ప్రాణానికి ప్రాణం ఇచ్చాం, ఇందులో అన్యాయమెక్కడిదని మంత్రి లెక్క.

తిప్పన్న పుట్టి పెరిగింది ఆ పేటలోనే. ఆ సాయంత్రం అక్కడికి వెళితే చివరి ఇంటి సుంకులమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకు మొగుడు పోయాడు, చేను ఎండింది, మిగిలినవి ఐదు పెట్టలు. తను పస్తుండి వాటికి నూకలు వేసింది. నేడో రేపో గుడ్లు మొదలైతే సంతలో జొన్నలకు మార్చుకుని ఎండాకాలం గట్టెక్కుదామనుకుంది. ఇప్పుడు ఒళ్ళో ఐదు పిల్లలు కీచుకీచుమంటున్నాయి.

"ఇవి గుడ్డు పెట్టేనాటికి నేనుండను తిప్పన్నా," అంది.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే తిప్పన్నకు కాస్త నయంగా ఉండేది. మర్నాడే బయల్దేరి ఎక్కడికో పోయి రాళ్ళు మోసుకుంటానని చెప్పింది. రాజును నవ్వించి బతికిన తన బతుకు మీద తిప్పన్నకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే రాజుగారు కోళ్ళను చూడటానికి తోటలోకి వచ్చారు. పెట్టలన్నీ గంపల కింద ఉన్నాయి. కొత్తగా తెచ్చిన కోడిని కొన్నాళ్ళు మూసి ఉంచితే గానీ చోటు అలవాటు పడదని వంటవాళ్ళకు తెలుసు. తిప్పన్నకూ తెలుసు. ఏదో జరుగుతుందన్న ఆశ ఆయనకు పెద్దగా లేదు. అయినా రాజుగారి పక్కన చేరి గట్టిగా నిట్టూర్చాడు.

"ఏమిట్రా ఆ దిగులు?" అన్నారు రాజుగారు.

"పొరుగు రాజు కోళ్ళు విడిగా తిరుగుతాయట ప్రభూ. మన గంపలు చూసి, ఈ ప్రభువు దగ్గర కోడి కూడా ఇష్టపడి ఉండదు కాబోలునని ఆయన దూతలు అనుకుంటారేమోనని."

రాజుగారి మీసం లేచింది. వంటవాళ్ళు ఏదో చెప్పబోతే మంత్రి కసిరాడు. గంపలెత్తించారు, ద్వారాలు తెరిపించారు, ఎవరూ ఏ కోడినీ తాకరాదన్నారు. ఆపైన అందరూ వినేలా, "గంప వేసి ఉంచాల్సినది ఏదీ నాది కాదు," అని ప్రకటించారు. వందిమాగధులు ఆ మాటను అప్పటికప్పుడే బిరుదుల్లో కలిపేశారు.

పగలంతా పెట్టలు రాజుగారి గింజలు కడుపునిండా తిన్నాయి. పొద్దు వాలేసరికి ఒకటి తలెత్తి చూసి ద్వారం దాటింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి దొడ్డి మొత్తం పేట దారి పట్టింది. రాజుగారు నమ్మలేక వాటి వెనకే నడిచారు. రాజు నడిచాక మంత్రి నడవక తప్పదు, మంత్రి నడిచాక కొలువు నడవక తప్పదు. అలా కోళ్ళు ముందు, రాజ్యం వెనక పేటలోకి వచ్చాయి.

ప్రతి పెట్టా తన ఇల్లు తాను వెతుక్కుని గుమ్మం ముందుకు చేరింది. వాటిని పట్టమని మంత్రి భటుల మీద అరిచాడు. తిప్పన్న అడ్డం వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈ పూటతో తల పోతుందనే అనుకున్నాడు.

"ప్రభూ, అవి తమ గింజలు తిన్నది ఒక్క పగలు. వీళ్ళ నోటి దగ్గర కూడు తిన్నది పిల్లలుగా ఉన్ననాటి నుంచి. పెట్టను పట్టి తేగలం గానీ, అది తనదనుకునే ఇంటిని తేలేం. గంప వేసి ఉంచాల్సినది తమది కాదని తమరే సెలవిచ్చారు. మరి ఇవి ఎవరివి?"

రాజుగారి ముఖం కందిపోయింది. పేటంతా ఆయన్నే చూస్తోంది. అన్న మాట పొద్దుటి నుంచీ బిరుదుల్లో మోగుతూనే ఉంది. కోపం ఎవరి మీద చూపాలో తోచక ఆయన ఒక్కసారిగా పకపకా నవ్వేశారు. పెట్టల్ని ఎవరివి వాళ్ళకే వదిలి, కోడిపిల్లల్ని కోటకు తెమ్మన్నారు, ఇక అక్కడే పెంచుతామన్నారు. చేతి కంకణం తీసి తిప్పన్నకు ఇవ్వబోయారు.

తిప్పన్న చెయ్యి చాపలేదు. చివరి ఇంటి ముందు ఐదు పెట్టలు మూసిన తలుపు దగ్గర నిలబడి ఉన్నాయి. సుంకులమ్మ మధ్యాహ్నమే వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. కంకణం వద్దు, ఒక బండి ఇప్పించమని ఆయన రాజుగారిని అడిగాడు.

బండి వాగు దాటాక ఆమె కనిపించింది. దారి పక్కన కోడిపిల్లల బుట్టకు ఆనుకుని పడి ఉంది. ఎంత బతిమాలినా రానంది, కాళ్ళు నడవవంది, ఇక్కడే ఇలాగే పోనిమ్మంది.

"అక్కా, నీ పెట్టలు ఇంటికొచ్చాయి. తలుపు ముందు నిలబడి ఉన్నాయి," అన్నాడు తిప్పన్న.

సుంకులమ్మ ఆయన ముఖంలోకి చూసింది, తర్వాత మసకబడుతున్న ఆకాశం వంక చూసింది. రెండు చేతులూ నేలకు ఆనించి లేచి నిలబడింది.

"గూట్లోకి తోలేవాళ్ళు లేరే. పిల్లి పట్టుకుపోతుంది. బండి తొందరగా తోలమను తిప్పన్నా," అంది.