రాజుగారి మూడో ముద్ద

ఈ కథ అబద్ధమనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇలా ముందుకు రండి. వచ్చి ప్రచండభూపతి మీసం కొలిచి చూపించండి. చూపించలేరు. ఆ మీసం ఒక కొన తూర్పు బురుజును, రెండో కొన పడమటి బురుజును తాకేదనీ, జడివానలో పిచ్చుకలు దాని కిందే తలదాచుకునేవనీ మా పెద్దలు చెప్పారు. మీసం దగ్గరే అనుమానపడేవాళ్ళు ముద్ద దాకా ఏం వస్తారు? కుదురుగా కూర్చోండి.

ఒకానొక కాలాన మొగలిదుర్గం అనే రాజ్యాన్ని ఆ ప్రచండభూపతి ఏలేవాడు. పడుచువయసులో ఆయన దసరా విందుకు కూర్చుంటే, ఆయన ఒక్కడికి వడ్డించడానికే వంటవాళ్ళు గుర్రాలెక్కి తిరిగేవారు. అంతటి భోక్త డెబ్బయ్యో పడిలో పడ్డాడు. మహారాణి కాలం చేసింది. ఆనాటి నుంచి తెర వెనక ఒక్కడే కూర్చుని తినేవాడు. పక్కన రాణిగారు విసనకర్ర పట్టుకుని కూర్చునే పీట అలాగే వేసి ఉండేది. రెండు చప్పిడి ముద్దలు మింగి, ఆ పీట వంక ఒకసారి చూసి లేచిపోయేవాడు.

అంతటితో ఊరుకుంటే గొడవే లేదు. కానీ రాజు కదా, అన్నం సయించడం లేదని ఒప్పుకుంటే పరువు పోదూ? అది తపస్సన్నాడు. డెబ్బయ్యేళ్ళు దాటినవాడు రెండు ముద్దలతో రాజ్యమేలడం ముల్లోకాల్లో తనకే చెల్లిందన్నాడు. ఆస్థాన వైద్యుడు అనంతభట్టు వెంటనే శ్లోకాలు అందుకుని, శరత్కాలంలో పెద్దలకు లంఖణమే పరమౌషధమని బల్లగుద్ది చెప్పాడు. ఆ భట్టుగారి ఇల్లు కోట బయట ఉంది. ఆయన భుజం మీది ఉత్తరీయం విదిలిస్తే గారెల వాసన వచ్చేది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఆ కోటలో తాతలనాటి ఆచారం ఒకటి. రాజు చెయ్యి కడిగాడంటే వంటశాల ముందు జేగంట మోగుతుంది. గంట మోగాక కోటలో ఎవరి చేతిలో ముద్ద ఉన్నా కింద పెట్టాల్సిందే. వెనకటి రోజుల్లో రాజుగారి భోజనం సాగేలోపు కోటలో వాళ్ళంతా తిని, ఒక కునుకు తీసి, లేచి మళ్ళీ కాస్త తినడానికి కూడా వ్యవధి ఉండేది. ఇప్పుడు ఆకు మీద నీళ్ళు చిలకరించుకునేలోపే గణగణమని గంట.

పడుచువాళ్ళు ఇళ్ళకు పోయి తినేవారు. కోటనే నమ్ముకున్న ముసలివాళ్ళకు ఆ దారీ లేదు. పైగా వచ్చింది ఆశ్వయుజం. పగటి ఎండ సూదుల్లా గుచ్చుతుంది. తెల్లవారుజాము మంచు ఎముకల్లోకి దిగుతుంది. వానాకాలమంతా ఒంట్లో అణిగిన పైత్యం ఒక్కసారి పైకి లేస్తుంది. వేళకు వేడి మెతుకు పడకపోతే ముసలి ఒళ్ళు నిలబడేదేనా? ఒకరికి కళ్ళు తిరిగేవి, ఒకరికి నోరు చేదెక్కేది, ఇంకొకరు మంచం దిగడమే మానేశారు.

ఆ ముసలివాళ్ళలో ఓబళయ్య ఒకడు. ఆస్థాన విదూషకుడు. ఆయన చెప్పిన ఒక్క చమత్కారానికి పగవాడి సైన్యం నవ్వి నవ్వి, కత్తులు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వెనక్కి పోయింది. అలాంటి మనిషి సభ ముగిశాక కోటగోడ వారనున్న ఒంటిగదికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. భార్య పోయాక ఆయనతో కలిసి తినేది ఒక కాకి. వంటశాల నుంచి తెచ్చుకున్న అన్నంలో ఒక ముద్ద గోడ మీద పెట్టి, అది ముక్కు పెట్టాకే తానూ మొదలుపెట్టేవాడు. జేగంట పెందలాడే మోగడం మొదలయ్యాక పెట్టడానికి ముద్ద లేకపోయింది. కాకి కొన్నాళ్ళు చూసి వేరే ఇల్లు వెతుక్కుంది. ఓబళయ్య ఆ ఖాళీ గోడ వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. విదూషకుడికి కాకి మీద బెంగ అంటే జనం నవ్వుతారు మరి.

ఒకనాడు నిండు సభలో రాజు తన తపస్సు గురించి తానే పొగుడుకుంటున్నాడు. సభ అంతా నిశ్శబ్దం. అంతలో ఎక్కడో మేఘం ఉరిమినట్టు గుడగుడమని చప్పుడైంది. బయట మబ్బు తునక లేదు. లాయంలో గుర్రాలు బెదిరి కట్లు తెంపుకున్నాయి. రాజు మీసం దువ్వడం ఆపి, ఎవరది అన్నాడు.

ఓబళయ్య లేచి చేతులు కట్టుకుని, "నా కడుపు ప్రభూ, ఏలినవారికి జేజేలు పలుకుతోంది," అన్నాడు.

సభ ముసిముసిగా నవ్వింది. రాజుకు ఒళ్ళు మండింది. తన తపస్సును వెక్కిరిస్తున్నాడన్నాడు. ఓబళయ్య తగ్గలేదు. తపస్సు చేసేవారు తమరైతే ఫలం కోటంతా అనుభవిస్తోందని విన్నవించుకున్నాడు. ఆ మాటతో రాజు సింహాసనం మీంచి లేచాడు. రేపటి భోజనంలో తనచేత మూడో ముద్ద తినిపించమన్నాడు. తినమని అడగకూడదు, బతిమాలకూడదు, భయపెట్టకూడదు.

"తినిపించావా, నువ్వు కోరింది ఇస్తాను. లేదా, ఎల్లుండి పొద్దున మంచు ఆరేలోపు కోట దాటి పో," అన్నాడు.

కోట దాటితే ఎక్కడికి? అవతల ఓబళయ్యను రమ్మనే గడప ఒక్కటి లేదు. పిలిచే గొంతు లేదు. చలి ముంచుకొస్తున్న రోజుల్లో ఆ వయసు మనిషికి దారి పక్కన చెట్టే దిక్కు. అయినా మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. తాను గెలిస్తే ఆ జేగంట దింపించాలని కోరాడు. ఆ పైన ఒక చిన్న మనవి అన్నాడు.

"ఇంత గొప్ప తపస్సు తెర వెనక జరిగితే ఎవరు నమ్ముతారు ప్రభూ? పొరుగు రాజులు తెర చాటున పులిహోర నడుస్తోందని చెప్పుకుంటున్నారట. సాక్షులు కావాలి. కుర్రవాళ్ళ సాక్ష్యం చెల్లదు. తమ ఈడువాళ్ళూ, తమకంటె పెద్దవాళ్ళూ అయితే జనం నమ్ముతారు."

పులిహోర మాట వినేసరికి రాజుగారి మీసం నిటారుగా లేచి పైకప్పును తాకింది. సాక్షులను పిలిపించమన్నాడు.

ఓబళయ్య ఆ సాయంత్రమే వంటశాలకు వెళ్ళాడు. వంటశాల పెద్ద బుచ్చమ్మ. ఆవిడ పోపు పెడితే మూడు ఊళ్ళ అవతల పెళ్ళివారు భోజనం మధ్యలో చెయ్యాపి గాలి వాసన చూసేవారు. అలాంటి చెయ్యి ఏడాదిగా చప్పిడి ముద్దలకు పరిమితమైపోయింది. ఏం వండమంటావు బాబాయ్ అని ఆవిడ అడిగింది. పళ్ళు లేనివాళ్ళు తినగలిగేది, పైత్యం పెంచనిది వండమన్నాడు. పాత బియ్యం మెత్తగా, పొగలు కక్కుతూ. పెసరకట్టు. పొట్లకాయ కూర. సొరకాయ పులుసు, పులుపు తగ్గించి. పచ్చి ఉసిరికాయ పచ్చడి, కొత్త నెయ్యి. పెరుగు బదులు పల్చటి మజ్జిగ. తాగే నీళ్ళు ముందురోజు ఎండలో కాగి, రాత్రి వెన్నెలలో చల్లారినవి. నూనె పిండివంటల జోలికి వద్దన్నాడు.

"రాజుగారు ఇవేవీ ముట్టరు కదా బాబాయ్," అంది బుచ్చమ్మ.

"వండు తల్లీ. ఓడితే ఈ కోటలో నాకు రేపటిదే ఆఖరి భోజనం. ఆఖరిదైనా బాగుండాలి కదా," అన్నాడు ఓబళయ్య.

మర్నాడు మధ్యాహ్నం తెర తీశారు. రాజు పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా సాక్షులు ముగ్గురు: ముసలి మావటి లసుమయ్య, బాకా ఊదే కంభన్న, రాజును పసితనంలో ఎత్తుకుని పెంచిన దాది చెంగమ్మ. చెంగమ్మ వయసెంతో ఎవరికీ తెలియదు. ఆ కోటకు పునాదిరాయి వేసిన రోజున పక్కన నిలబడి వంకర సరిచేసిందావిడే అనేవారు. ముగ్గురూ కన్నార్పకుండా రాజుగారి ఆకు వంక చూస్తున్నారు. ఓబళయ్య వాళ్ళ పక్కన చేరాడు. అనంతభట్టు తప్పొప్పులు చూడ్డానికి గుమ్మంలో నిలబడ్డాడు.

రాజు ముద్ద కలిపాడు. ఎత్తబోయి ఆగాడు. అన్ని జతల ఆకలి కళ్ళు ఆ ముద్ద మీదే ఉన్నాయి. తినేవాడి ఎదుట తిననివాళ్ళు కూర్చుని చూస్తే దిష్టి తగులుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. రాజు అటూ ఇటూ కదిలాడు. చివరికి ఆయనే, "వీళ్ళకీ ఆకులు వెయ్యండి," అన్నాడు.

ఆకులు పడ్డాయి. వేడి అన్నం, కట్టు, కూర, పులుసు, పచ్చడి, నెయ్యి. పంక్తిలో భేదం కూడదని బుచ్చమ్మ రాజుగారి ఆకులోనూ అన్నీ వడ్డించింది. ఆ వాసనకు కోటగోడ మీది ఫిరంగులు కూడా ఇటు తిరిగాయి. రాజు తన రెండు చప్పిడి ముద్దలూ తిన్నాడు. పీట వంక చూశాడు. లేవబోయాడు.

చెంగమ్మ తలెత్తకుండానే, "పంక్తిలో పెద్దదాన్ని, నేనింకా మొదటి ముద్ద మీదున్నాను. లేస్తావా నాయనా?" అంది.

రాజు సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. పంక్తిలో అందరికంటె పెద్దవాళ్ళు లేచేదాకా ఇంకెవరూ లేవకూడదు. తనది తాతలనాటి గంట అయితే ఇది అంతకంటె పాత నియమం. అందులో చెంగమ్మకు పన్ను లేదు. ఆవిడ ముద్దను కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు చేర్చేలోపు పడమటి గోడ నీడ నడిచి నడిచి అలిసిపోయి తూర్పు గోడకు చేరగిలబడింది.

అంతసేపు ముసలివాళ్ళు ఊరికే కూర్చుంటారా? మాటల్లో పడ్డారు. నీలివాగు దండయాత్రలో రాజుగారి కోసం వండిన సొరకాయ పులుసును తన ఏనుగు తాగేసిందని లసుమయ్య అన్నాడు. ఏనుగు పేరు చెప్పి నువ్వే తాగావన్నాడు కంభన్న. పాపం, నోరులేని జంతువు మీద వేశావన్నాడు. దానికి నోరు లేకపోవడమేమిటి, నీ బాకా కంటె పెద్దదన్నాడు లసుమయ్య. మాటా మాటా పెరిగింది.

రాజు వింటూ విసుక్కున్నాడు. "ఏనుగూ కాదు, వీడూ కాదు. ఆ పులుసు గుండిగతో సహా గాయపడ్డవాళ్ళ డేరాకు పంపించింది రాణి. నాకు చుక్క మిగల్చలేదు. అడిగితే, రేపటికి బతికుంటే మళ్ళీ వండుకుందాం అంది."

రాణి పోయాక ఆయన నోట ఆవిడ మాట రావడం అదే మొదలు. తరవాత కంభన్న, ఆనాడు డేరాలో తిన్నవాళ్ళలో తానూ ఒకణ్ణని, అది రాజుగారి పులుసని ఇప్పుడే తెలిసిందని మెల్లగా అన్నాడు. ఎలా ఉంది అని రాజు అడిగాడు. ఉప్పు తక్కువ ప్రభూ అన్నాడు. ఆవిడ ఉప్పు ఎప్పుడూ అంతే వెయ్యమంటుంది, అని రాజు ఆ రోజుల్లోకి వెళ్ళిపోయాడు. చెబుతూ చెబుతూ ఆయన చెయ్యి తనంతట తాను అన్నంలోకి దిగింది. పులుసు కలిపింది. ముద్ద నోట్లోకి వెళ్ళింది.

ఓబళయ్య చూశాడు. అది మూడో ముద్ద. అప్పుడే గెలిచానని అరిచి ఉంటే కోటలో చోటు నిలిచేది, గంట దిగేది. కానీ అరిస్తే ఆ చెయ్యి ఆగిపోతుంది. ఆ మాట ఆగిపోతుంది. ఓబళయ్య తల దించుకుని తన పొట్లకాయ కూర కలుపుకున్నాడు. పుట్టిన దగ్గర నుంచి ఆయన నోరు ఊరుకున్నది ఆ ఒక్క పూటే.

పులుసు అయింది. పెసరకట్టు అయింది. బుచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ మారు వడ్డించింది. ఆఖరికి చెంగమ్మ మజ్జిగ తాగి లేచింది. పంక్తి లేచింది. రాజు వంగి తన ఆకు చూసుకుని నిర్ఘాంతపోయాడు. వెంటనే మొహం గంభీరంగా పెట్టాడు.

"నేను రెండే ముద్దలు తిన్నాను. కాదనే సాక్షి ఎవరు?"

లసుమయ్య తన ఆకు తప్ప ఇంకొకటి చూడలేదన్నాడు. తినేవాళ్ళ ఆకులోకి తొంగిచూడడం మర్యాద కాదన్నాడు కంభన్న. చెంగమ్మకు తన ఆకే సరిగా కనబడదు. అనంతభట్టు గుమ్మంలో లేడు. గారెలు చల్లారిపోతాయని ఎప్పుడో జారుకున్నాడు. రాజు మీసం మెలేసి, సాక్ష్యం లేదు గనక ఓడిపోయావు, ప్రయాణం కట్టుకో అన్నాడు.

ఓబళయ్య నమస్కరించాడు. "చిత్తం. కానీ మూడో ముద్ద చూసినవాడు లేకపోతే, రెండుతో ఆగినట్టు చూసినవాడూ లేడు కదా ప్రభూ. తపస్సు రుజువు కాలేదు, పందెం తెగలేదు. రేపు మళ్ళీ పంక్తి వెయ్యాలి. ఎవరో ఒకరు తమ ఆకు వంక చూసేదాకా రోజూ వెయ్యాలి. పందెం తెగేదాకా నేను కోటలో ఉండక తప్పదు."

అంతలో చెంగమ్మ కొంగు అందిస్తూ, "ముందు మీసం తుడుచుకో నాయనా. ఉసిరి పచ్చడి అంటింది," అంది.

రాజు మీసం తడుముకున్నాడు. వేలికి పచ్చడి. నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు బురుజుల మీది సున్నం రాలింది, ఏటి అవతలి పల్లెలో ఆవులు చేపి పాలు కార్చాయి. నవ్వుతూనే తన చేతి కంకణం తీసి ఓబళయ్యకు తొడిగాడు. జేగంట దింపించి లాయానికి పంపాడు. అనంతభట్టును ఇకమీదట పంక్తి చివర కూర్చుని, ఎవరికైనా పథ్యం చెప్పేముందు అదేదో తానే తిని చూపించమన్నాడు.

అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక రాజు కాస్త వెనకబడి, గొంతు తగ్గించి అడిగాడు. "ఓబళయ్యా, రేపు వీళ్ళు వస్తారంటావా?"

"వస్తారు ప్రభూ."

"మరి నువ్వో?"

ఓబళయ్య దగ్గి, కంకణం సవరించుకుని, వస్తానన్నాడు. ఆ దగ్గు పొట్లకాయ అడ్డం పడినందుకనే చెప్పాడు తరవాత ఎవరడిగినా.

ఇదీ జరిగింది. ఎవరి ఆకు వాళ్ళు చూసుకున్నారు కదా, రాజు ఎంత తిన్నాడో నీకెలా తెలుసని మీలో ఒక తెలివైనవాడు అడుగుతాడు. అడగాలి మరి. తినేవాళ్ళు చూడకపోవచ్చు, ఆకులు ఎత్తినవాళ్ళు చూడకుండా ఉండరు. రాజుగారి ఆకు కడిగి ఆరేసినట్టుందనీ, అందులో కరివేపాకు రెబ్బ కూడా మిగల్లేదనీ చెప్పిన మనిషి ఉంది. వెళ్ళి అడగండి: వంటశాల బుచ్చమ్మ.