వేన్నీళ్ల బావి

ఎవరేది అడిగినా విశ్వంభరయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. కండువా భుజాన వేసుకుని, "నడు, దారిలో చూద్దాం" అనేవారు. శిష్యుడు కేదారి అడిగిన రోజునా అంతే జరిగింది.

కేదారి బాధంతా తమ్ముడితో. తమ్ముడు గవిరేసు ఒకప్పుడు ఊరి పక్క యంత్రాల షెడ్డులో పనిచేశాడు. ఇనుప సామాను జిడ్డు వదలగొట్టే మందు వాడేశాక, యజమాని పారబొయ్యమంటే పెరట్లో గుంట తీసి పోసేవాడు. అది నేలలోకి దిగి ఊరిబావిని పాడుచేసింది. షెడ్డు మూతపడింది గానీ నీళ్ల వాసన పోలేదు. ఆడవాళ్లు కొండ అవతల నుంచి బిందెలు మోశారు. కేదారి తమ్ముడితో మాట మానేసి ఆశ్రమం చేరాడు.

"రోజూ జపంతో మనసు కడుగుతూనే ఉన్నానండీ. కోపం పోయిందనుకుంటాను, తెల్లారేసరికి మళ్లీ ఊరుతుంది. ఏం చెయ్యమంటారు?" అన్నది అతని ప్రశ్న.

గురువుగారు అతన్ని తిన్నగా ఆ ఊరికే తీసుకుపోయారు. కేదారికి కాళ్లు సాగలేదు. అయినా వెనకే నడిచాడు.

షెడ్డు స్థలంలో నేల నిండా ఇనుప గొట్టాలు దిగేసి ఉన్నాయి. పని చూస్తున్న ఇంజనీరు నూర్జహాన్ వాళ్లకు సంగతి చెప్పింది. ఏళ్ల తరబడి నీళ్లు తోడి పోసినా లాభం లేకపోయిందట. బంకమట్టిని పట్టుకున్న మందు, తోడడం ఆపగానే మళ్లీ నీళ్లలోకి దిగేదట. అందుకని ఈసారి కరెంటుతో నేలనే కాచారు. మందు ఆవిరై లేస్తే గొట్టాలతో లాగి, బొగ్గు నింపిన పీపాల్లో పట్టేశారు.

"తవ్వలేదు, తగలబెట్టలేదండీ. వేడి తగిలేసరికి అదే పట్టు వదిలేసింది" అంది ఆమె. పరీక్షల్లో నీళ్లు మంచివని తేలి, ఆ పొద్దునే బావి తెరిచారు.

బావి దగ్గర తిరనాళ్లలా ఉంది. పళ్లు లేని ముసలమ్మ ఒకామె చెంబుడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, పొయ్యి రాజెయ్యకుండానే వేన్నీళ్లు వచ్చాయని పకపకా నవ్వింది. పుష్యమాసపు చలిలో ఊరంతా ఆ నవ్వే అందుకుంది. అందరికీ నీళ్లు తోడిపోస్తున్నది గవిరేసు. నేల కాచినన్నాళ్లూ అక్కడి కాపలా పని తనే అడిగి మరీ చేశాడని నూర్జహాన్ చెప్పింది.

అన్నని చూసి గవిరేసు చేద పట్టుకుని నిలబడిపోయాడు. కేదారి ఏమనుకున్నాడో, వెళ్లి దోసిలి పట్టాడు.

"ఇంకా వేడిగున్నాయి అన్నియ్యా, సూసి పట్టు" అన్నాడు తమ్ముడు చేద వంచుతూ.

ఆ నీళ్లు తాగాడో, ముఖాన చల్లుకున్నాడో కేదారికే తెలియలేదు. ముఖమంతా తడిసింది. అన్నదమ్ములిద్దరూ ఒకర్ని చూసి ఒకరు నవ్వేశారు.

తిరిగి వస్తుంటే, ఇక తన కోపం పోయినట్టేనా అని కేదారి అడిగాడు.

"నేల చల్లారడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుందట" అన్నారు గురువుగారు. "అందాకా నువ్వు స్నానానికి అక్కడికే పోతూ ఉండు."