దొర చేతిలో చర్చి

పూర్వం సెర్బుల దేశపు కొండల్లో వుకొస్లావ్ అనే దొర, తన వంశం పేరు నిలవాలని ఒక చర్చి కట్టించాడు. పూజాపీఠం మీద కప్పు వేశారు గానీ, జనం నిలబడే చోటికని తెచ్చిన సీసపు రేకులు కాస్తా దొరగారి భోజనశాల ఎక్కి కూర్చున్నాయి.

ఆ దేశంలో చర్చి కట్టించినవాడి బొమ్మ లోపలి గోడ మీద వేస్తారు. చిన్న చర్చిని చేతుల్లో పట్టుకుని దేవుడికి సమర్పిస్తున్నట్టు ఉంటుందది. ఆ పని గ్రుబన్ అనే చిత్రకారుడికి పడింది. తడి సున్నం మీద వేసే బొమ్మ. ఒకసారి ఆరిందంటే గోడ చెక్కితే తప్ప మారదు. గ్రుబన్ దొరను వేశాడు, పక్కన దొరసానినీ కొడుకులనూ వేశాడు. దొర చేతిలో మాత్రం సగం కప్పులేని చర్చిని పెట్టాడు.

చూడవచ్చిన దొర మొహం కందగడ్డయింది. "కప్పేదిరా?"

"ఉన్నది ఉన్నట్టు వేశాను దొరా."

"కప్పు వెయ్యి. లేదంటే చేతులు నరికిస్తాను."

గ్రుబన్ కుంచె రంగులో ముంచాడు.

"ఇప్పుడే వేస్తాను. రేపు వానలో తడుస్తూ ప్రార్థన చేసే జనం, కప్పు ఏమైందని వెతుక్కుంటారు. ఈ గోడకేసి చూస్తే తమరి చేతిలో కనిపిస్తుంది. మీ మునిమనవలు వచ్చి చూసినా అక్కడే కనిపిస్తుంది."

దొర బొమ్మను చూశాడు, తల మీది ఆకాశాన్ని చూశాడు. "సున్నం ఎప్పటికి ఆరుతుంది?"

"పొద్దుగూకేసరికి."

గ్రుబన్ కప్పు వేసి కుంచె కడుగుతుంటే, బయట రేకుల బండ్లు వచ్చి ఆగాయి.

ఆ ఏడు తొలివాన దొరగారి భోజనశాలలో కురిసింది.