దారిచెప్పమ్మ వెలసిన దిడ్డివాకిలి

ఉడుముల దుర్గం చూడవచ్చే భక్తులకు, యాత్రికులకు ముందుగా నాలుగు మాటలు. కోట ఉదయం ఆరింటికి తెరుస్తారు, సాయంత్రం అయిదింటికి మూస్తారు. ఆ తరువాత ఎంత బతిమాలినా తెరవరు కనుక బతిమాలకండి. బస్సు దిగగానే ఎదురుగా ఇత్తడి బొడిపెలతో కనిపించేది పెద్దవాకిలి. అందరూ అక్కడ నిలబడి ఫోటోలు దిగుతారు. దిగండి, కాని దారి అది కాదు, దాని వెనుక బండ్లబాట ఎప్పుడో కూలిపోయింది. ఎడమవైపు గోడ వెంట కొంచెం నడిస్తే, తల వంచుకొని దూరవలసిన చిన్న గుమ్మం ఉంటుంది. అదే దిడ్డివాకిలి. మెట్లు అక్కడినుంచే మొదలవుతాయి. మొత్తం ఏడు మలుపులు. పైన నీళ్ళు దొరకవు, కిందే సీసా నింపుకోండి. చేతిలో తినే వస్తువు ఉంటే కోతులు ఊరుకోవు, తరువాత మా మీద పడి ప్రయోజనం లేదు.

ఆ గుమ్మం పక్కన పసుపు పూసి నిలబెట్టిన పలకరాయే మా తల్లి దారిచెప్పమ్మ. ముక్కూ మొహం లేని రాయి అమ్మవారెలా అయిందని పట్నంవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అడగవలసిన మాటే.

పూర్వం ఇక్కడ పాళెగాళ్ళ ఏలుబడిలో కదిరప్ప అనే ఆయన పెద్దవాకిలికి కావలి ఉండేవాడు. తాత తండ్రుల నుంచి వచ్చిన ఉద్యోగం. మొలలో మూరెడు తాళంచెవి, తలకు ఎర్రపాగా, పాళెగాడు గుర్రం దిగితే మొదటి నమస్కారం ఆయనదే. దిడ్డివాకిలికి ఓబుళమ్మ కావలి. మగడు పోతే, పాపమని ఆ పని ఆమెకు ఇచ్చారు. కదిరప్ప గుమ్మంలోంచి పైకి బండ్లు పోయేంత చక్కని బాట. ఓబుళమ్మ గుమ్మంలోంచి నిట్టనిలువు మెట్లు. అయినా పైకి పోయే జనం మెట్ల దారినే పట్టేవారు.

ఎందుకంటే ఆమె దారి చెప్పేది. "మూడో మలుపు కాడ కుడి గోడ పట్టుకోని పో తల్లీ. పైన గాలి ఎక్కువ, కొంగు బిగించుకో" అనేది. వచ్చిన ప్రతివాళ్ళకూ, విసుక్కోకుండా, అంతే ఓపికగా చెప్పేది. ఎక్కినవాళ్ళు దిగి వచ్చేటప్పుడు ఆమె దగ్గర కాసేపు కూర్చుని కబుర్లు చెప్పిగాని కదిలేవారు కాదు.

అది చూసి కదిరప్పకు కడుపు మండిపోయేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. "నీకూ నోరుంది కదా, నువ్వూ నాలుగు మాటలు చెప్పరాదా" అని భార్య అంటే, "వాకిలి కాసేవాడికి వాగుడెందుకు" అని కసిరేవాడు. ఓబుళమ్మ పేరు ఆయన నోట ఏనాడూ రాలేదు. ఎప్పుడైనా చెప్పవలసి వస్తే "ఆ దిడ్డిది" అనేవాడు.

ఒక వానాకాలం ముసురు పట్టి మూడు రోజులు వదలలేదు. తెల్లవారగానే కోటంతా చుట్టి రావడం కదిరప్ప పని. మూడో మలుపులో కుడి గోడ పక్కన మెట్టుగా వేసిన పలకరాయి కింద మట్టి కొట్టుకుపోవడం చూశాడు. కాలితో నొక్కితే రాయి కదిలింది. కిందికి వెళ్ళి ఓబుళమ్మకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. కుడి గోడ పట్టుకొమ్మని ఆమే చెబుతుంది, ఎవడికో కాలు బెణుకుతుంది, దిడ్డిదాని మాట నమ్మరాదని జనం అనుకుంటారు, అంతే కదా అనుకొని వచ్చి తన గుమ్మంలో కూర్చున్నాడు. చాలా రోజుల తరువాత ఆ పూట ఆయనకు ఆకలి వేసింది.

ఆ రోజు గాజులమ్మే చెన్నక్క కొండెక్కడానికి వచ్చింది, నిండు చూలాలు. గంప మోసుకొని ఎక్కలేదని ఓబుళమ్మ తానే గంప నెత్తిన పెట్టుకొని ముందు నడిచింది. మూడో మలుపులో ఆ రాయి జారి, ఆమెతో సహా లోయలో పడింది. చెన్నక్క గోడను కరుచుకొని బతికింది. కింద ఆ చప్పుడు విన్నవాళ్ళలో, ఏ రాయి పడిందో తెలిసినవాడు కదిరప్ప ఒక్కడే.

దిడ్డివాకిట్లో పాడె పట్టదు. అందుకని ఓబుళమ్మను బండ్లబాటన పెద్దవాకిట్లోంచి తీసుకుపోయారు. ఊరు ఊరంతా ఆ రోజు కదిరప్ప గుమ్మం దాటింది. తలుపు పట్టుకొని నిలబడిన ఆయన వైపు ఒక్కరూ చూడలేదు.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం, తలుపుకు ఆనుకొని కునుకు తీస్తుండగా ఓబుళమ్మ కలలో కనిపించింది. శపిస్తుందనుకొని కదిరప్ప చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె మామూలుగా, "అన్నా, అయిదో మలుపు కాడ ఇంకో రాయి కదుల్తాండాది. ఎక్కేవాళ్ళకు చెప్పు" అని వెళ్ళిపోయింది. లేచి పరుగున పోయి చూస్తే రాయి నిజంగానే కదులుతోంది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ సాయంత్రమే పాళెగాడి ముందు తాళంచెవి పెట్టి, నలుగురి ఎదుట తాను చేసింది చెప్పాడు. పాళెగాడు, "నీ తల తీయిస్తే దారి చెప్పేదెవరు? పోయి ఆమె చోట కూర్చో" అన్నాడు. కదిరప్ప లోయలోకి దిగి, ఆ పలకరాయిని తాళ్ళతో పైకి లాగి, గుమ్మం పక్కన నిలబెట్టాడు.

దానితో అసూయ పోయిందనుకుంటే పొరపాటు. ఆయన ఎండలో కూర్చుని గొంతు పోయేలా దారి చెబితే, జనం రాయికి దండం పెట్టి "అమ్మ చెప్పింది" అనేవారు. గొంతు నాది, పేరు దానిదా అని ఆయనకు మళ్ళీ ఒళ్ళు మండేది. చచ్చినదాని మీద కూడా ఈ ఏడుపేమిటని తన్ను తానే తిట్టుకునేవాడు, అయినా మండేది.

ఏడాది తిరిగాక చెన్నక్క బిడ్డను చంకనేసుకొని వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టలేక ఆగిపోయింది. కదిరప్ప మలుపు మలుపూ వివరించి చెప్పాడు. ఆమె నమ్మలేదు. "ఇదంతా నీకెవరు చెప్పినారు?" అని అడిగింది.

నేనే అనడానికి ఆయన నోరు తెరిచాడు. బిడ్డ ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఓబుళమ్మ చెప్పింది" అన్నాడు.

ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. చెన్నక్క చేతి గాజులు తీసి రాయి ముందు పెట్టి, మెట్లెక్కింది. కదిరప్ప బతికినంతకాలం ఇంక ఆ గుమ్మం వదలలేదు. అడిగిన ప్రతివారికీ తాను చేసిన పాపం దాచకుండా చెప్పేవాడు.

నేటికీ కొండ దిగేవారు ఎక్కేవారికి ఎదురుపడితే ఆగి, ముందున్న దారి ఎలా ఉందో చెప్పి తీరాలి. ఎవరైనా మెచ్చుకుంటే "అమ్మ చెప్పింది" అనాలి. చూలాళ్ళు ఇక్కడ గాజులు సమర్పిస్తే సుఖప్రసవం కలుగుతుందని నమ్మకం. ఎదుటివారి మేలు చూసి ఓర్వలేక బాధపడేవారు రాయి ముందు నిలబడి, తమకు కిట్టనివారి పేరు ఒక్కసారి మంచిగా పలకాలి. మనశ్శాంతి కలుగుతుంది. పేరు గొంతులో అడ్డుపడితే సిగ్గుపడి పారిపోవద్దు. కళ్ళారా అంత చూసిన కదిరప్పకే ఏడాది పట్టింది, మనమెంత.