తాళంచెవి మూటా, వాసన పట్టిన బూరే

ఒరేయ్ బాచీ, కాళ్ళు ముడుచుకో, చెల్లెలికి చోటివ్వు. హంసా, ఆ జాకీని మంచం దింపు. దింపనంటావా? సరే, కాళ్ళ దగ్గర పడుకోనీ. నా చీర నమిలిందంటే మాత్రం రేపట్నించి కథల్లేవు, ముందే చెప్తున్నా. నిన్న చేట అంచు కొరికింది, ఇవాళ నా చెప్పు కొరికింది. పాపం దానికి మాత్రం ఇంట్లో ఏం తోస్తుంది? పనిలేక కొరుకుతోంది. అందుకే ఇవాళ కుక్క కథే చెప్తా. ఊ కొడుతూ ఉండాలి. మీ ఊ ఆగితే నా నోరూ ఆగుతుంది.

అనగా అనగా అనగా, గోదారి పాయ మెలిక తిరిగే చోట ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు. ఆ రాజుకి ఒక ధాన్యం కొట్టు. ఆ కొట్టుకి ఒక ఇనప తలుపు. ఆ తలుపుకి ఒక తాళం. ఆ తాళానికి జానెడు తాళంచెవి. ఆ తాళంచెవికి ఒక గవరయ్య. అంటే ఆయనే కొట్టు కాపలాదారు అన్నమాట. గవరయ్యకి ఒక పెళ్ళాం, పేరిందేవమ్మ. పేరిందేవమ్మకి ఒక జబ్బు.

ఏం జబ్బా? దాచే జబ్బు! పటికబెల్లం దాస్తుంది, పట్టీలు దాస్తుంది, పోపుల డబ్బా కూడా దాస్తుంది. దాచడానికి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. పాతచీరల పీలికలన్నీ ఒక బుట్టలో వేసి, పురుగు పట్టకుండా అందులో ఇంత ఇంగువ ముద్ద పడేసి ఉంచేది. ఏది దాచినా ఆ పీలికలోనే మూట కట్టి దాచేది. సాయంత్రం గవరయ్య ఇంటికి రాగానే తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టేవాడు. దాన్నీ మూటకట్టి, దొంగలకి తెలియకూడదని, రోజుకో చోట పెట్టేది. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస. ఊళ్ళో ఆడవాళ్ళందరిలో రాజుగారి తాళంచెవి తన చేతిలోనే ఉందని ఆవిడకి మహా గొప్ప. ఎంత గొప్పంటే, నీళ్ళ రేవు దగ్గర కడవ కూడా వయ్యారంగా ఎత్తుకునేదిట.

ఊ కొడుతున్నారా? బాచీ, ఊ కొట్టమంటే ఆవలిస్తావేరా!

ఆ ఇంటికి మాఘమాసంలో కోడలొచ్చింది. పేరు తాయారు. సారె కావిళ్ళు దింపారు, అరిసెల గంప, లడ్డూల గంప, చలిమిడి గంప. నాలుగో గంప మూత తీస్తే కుయ్ మంది! గుండ్రంగా, గోధుమరంగులో, అచ్చం ఇప్పుడే నూనెలోంచి తీసినట్టు ఒక కుక్కపిల్ల. దాని పేరు బూరె. పేరిందేవమ్మ నోరు నొక్కుకుంది. సారె అంటే వీధి వీధంతా పంచిపెట్టాలి కదా, దీన్ని ఎవరికి పంచిపెట్టమంటారర్రా అందిట. అరిసెలు పంచారు, లడ్డూలు పంచారు, బూరె మాత్రం మిగిలింది. సరే ఉండనీండి, కానీ గడప దాటి నట్టింట్లోకి వచ్చిందో, ఊరుకునేది లేదని గట్టిగా చెప్పేసింది. అలా బూరె వసారాలోనే పెరిగింది.

ఎండాకాలం వచ్చింది. బయట అడుగు పెడితే కాళ్ళు కాలతాయి. దానికి తోచక చాప కొరికింది, చీపురు కొరికింది, గవరయ్య గొడుగు కొరికింది. అరవదు, కాపలా కాయదు, తిండి దండగ అని అత్తగారు సణుగుడు. తాయారు ఆలోచించింది. దీనికి పని లేక కదా ఈ తంటా, దీనికి దేవుడిచ్చింది ముక్కు, ముక్కుకే పని చెప్దాం అనుకుంది.

దిబ్బరొట్టె ముక్క ఇంత, గోరంత, తీసుకుంది. దొరకంగానే మింగెయ్యకుండా అత్తగారి బుట్టలోంచి ఓ పీలిక లాగి అందులో కట్టింది. మొదటి రోజు బూరె చూస్తుండగానే దాని ముందు పెట్టి, వెతుకూ అంది. అది ముక్కు ఆనించింది. శభాష్ అని మూట విప్పి ముక్క నోట్లో పెట్టింది. అంతే! మర్నాడు కొబ్బరిచిప్ప బోర్లించి కింద పెట్టింది. ఆ మర్నాడు మూడు చిప్పలు బోర్లించి ఒకదాని కింద పెట్టింది. ఉష్ ఉష్ ఉష్, మొదటి చిప్ప కాదు. ఉష్ ఉష్ ఉష్, రెండో చిప్ప కాదు. ఉష్ ఉష్, మూడోదాని దగ్గర చతికిలబడి కూర్చుంది. ముక్కు ముందూ, తోక వెనకా, మధ్యలో మన బూరె!

తర్వాత స్తంభం చాటున, తర్వాత అరుగు మీద, తర్వాత వసారాలోకి తెరుచుకునే తన గది తలుపు వెనక. దొరక్కపోతే తాయారు తిట్టేది కాదర్రా. అయ్యో, నేనే కష్టమైన చోట పెట్టాను కాబోలు అని, ఈసారి తేలికైన చోట పెట్టి గెలిపించేది. అయిదారు సార్లు ఆడి, ఇంకా కావాలని అది తోక ఊపుతుండగానే ఆపేసేది. విసుగొచ్చేదాకా లాగితే ఏ ఆటైనా చేదెక్కుతుంది. మీ ఫోన్ల ఆటలు తప్ప, అవి మీకు ఎప్పటికీ చేదెక్కవు!

ఇంకో నియమం పెట్టుకుంది తాయారు. అది ఎక్కడ కూర్చుంటే అక్కడ చెయ్యి పెట్టి చూడాల్సిందే. చూడకుండా ఛీ లే అనకూడదు. అది మాట, తప్పకూడదు.

ఒక్కటే చిత్రం. ఆట మధ్యలో అది ఒక్కోసారి నట్టింటి గడప దాకా పోయి, లోపలికి ముక్కు పెట్టి, కూర్చునేది. లోపలికి రావాలని దీనికి ఎంత ఆశో అనుకునేది తాయారు. గడప మీద చెయ్యి పెట్టి చూసేది, ఏమీ ఉండేది కాదు. బుజ్జగించి వెనక్కి తెచ్చేది. ఆ ముక్క గుర్తు పెట్టుకోండి.

సరే, ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు ఎండ ఎక్కేలోపు రాజుగారు స్వయంగా వచ్చి, కొట్టు తెరిపించి, రైతులకి విత్తనాలు పంచాలి. పండగని ముందురోజే ఇల్లంతా కడిగారు, తాళంచెవి మూట కట్టాక బుట్టలో మిగిలిన పీలికలన్నీ నూతి దగ్గర నానబెట్టారు. తెల్లారింది. తాయారు మొగుడు ఎడ్లకి రంగులు పూస్తూ పాకలో ఉన్నాడు. గవరయ్య తలపాగా చుట్టుకుని, తాళంచెవి ఇవ్వవే అన్నాడు.

పేరిందేవమ్మ వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. బియ్యం కుండలో చూసింది, లేదు. చింతపండు జాడీలో చూసింది, లేదు. దిండు కింద చూసింది, లేదు. లేదు, లేదు, లేదు! గవరయ్యకి గుండె జారిపోయింది. తాళం పగలగొట్టొచ్చు కదా అంటావా హంసా? పగలగొట్టొచ్చు తల్లీ. తాళంచెవి కాపాడలేనివాడు గింజలేం కాపాడతాడు అని రాజు ఆ క్షణమే వేరేవాణ్ణి పెట్టుకుంటాడు. ముప్ఫై ఏళ్ళ పరువు ఆ పూటతో సరి.

అందరూ తన మొహమే చూస్తున్నారని పేరిందేవమ్మకి ఒళ్ళు మండింది. ఇంకెవరు, ఆ కుక్కే ఎత్తుకుపోయింది, గొడుగు కొరికిన నోటికి తాళంచెవి ఒక లెక్కా అంది. అనేసి, అక్కడే చుట్టిపెట్టిన పరుపు మీద కూలబడి ఏడుపు. గవరయ్య ఇంకేం ఆలోచించలేదు. పడవవాణ్ణి పిలిచి, దీన్ని అవతలి ఒడ్డున వదిలిరా, మళ్ళీ ఈ గడప తొక్కకూడదు అన్నాడు. పడవవాడు తాడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

తాయారు కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. మామగారి కాళ్ళ మీద పడింది. ఒక్కసారి దాన్ని లోపలికి రానివ్వండి మామయ్యా, అదే తీసుంటే అదే చూపిస్తుంది, చూపించకపోతే నేనే పడవ ఎక్కిస్తాను అందిట. ఆయనకీ దారి లేదు, సరే అన్నాడు.

బూరె మొదటిసారి గడప దాటింది. దానికి ఆట గుర్తుచేద్దామని తాయారు రొట్టె ముక్క తీసింది. చూస్తే పీలికలన్నీ నీళ్ళలో ఉన్నాయి! చేసేది లేక తన సారె చీర చెంగు చింపి, అందులో కట్టి, కవ్వం పక్కన పెట్టి, వెతుకూ అంది. ఉష్ ఉష్ ఉష్. కవ్వం పక్కనించే పోయింది, కన్నెత్తి చూడలేదు! నేరుగా వెళ్ళి మినుముల కాగు ముందు చతికిలబడింది.

చూశారా, ఎదురుగా రొట్టె పెట్టినా కనిపెట్టలేదు, ఇది తాళంచెవి కనిపెడుతుందిట అని పేరిందేవమ్మ. తాయారుకి మొహం చిన్నబోయింది. ఎండాకాలమంతా నేర్పింది గోదాట్లో కలిసిందే అనుకుంది. కానీ మాట ఇచ్చింది కదా? అది కూర్చున్న చోట చెయ్యి పెట్టి తీరాలి. మోచేతి దాకా మినుముల్లోకి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది.

లాగితే మూట. విప్పితే ఏమిటనుకున్నారు? తాయారు కమ్మలు! పుట్టింటివాళ్ళు పెట్టినవి. పారేసుకున్నావు, ఒళ్ళు తెలియని పిల్లవి అని అత్తగారు రెండు నెలలు దెప్పిన కమ్మలు. పేరిందేవమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది.

తాయారు కమ్మలు పక్కన పెట్టింది. రొట్టె ముక్క బూరె నోట్లో పెట్టి, వెతుకూ అంది. చూరు కింద కూర్చుంది, చూరులో పటికబెల్లం మూట. తిరగలి దగ్గర కూర్చుంది, తిరగలి వెనక పట్టీల మూట. దేవుడి గూటి కింద కూర్చుంది, గూట్లో పోపుల డబ్బా మూట. ముక్కు ముందూ, తోక వెనకా, మధ్యలో మన బూరె! పడవవాడు తాడు పక్కన పడేసి గుమ్మంలోంచి తొంగిచూస్తున్నాడు.

అప్పుడు తాయారు ఒక మూట ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గుప్పున ఇంగువ! రొట్టె వాసన నేర్పుతున్నాననుకుని తను ఇన్నాళ్ళూ అత్తగారి పీలికే నేర్పింది. గడప దగ్గర కూర్చుంది లోపలికి రావాలని కాదు, లోపల మూటలున్నాయని చెప్పడానికి. నీ తప్పేం లేదే తల్లీ, అర్థం కానిది నాకే అని దాని తల నిమిరి, ఇంకొక్కసారి వెతుకూ అంది.

బూరె ఇల్లంతా తిరిగింది. తిరిగి తిరిగి, వచ్చి, పేరిందేవమ్మ ముందు కూర్చుంది.

ఓసి దీని దుంపతెగ, నన్నే చూపిస్తుందేమిటి అని ఆవిడ లేచి నిలబడింది. నిలబడగానే బూరె ఆవిడ్ని వదిలేసి పరుపు చుట్టలోకి ముక్కు దూర్చి, మళ్ళీ చతికిలబడింది. తాయారు చెయ్యి పెట్టింది. మూట విప్పితే ఠంగుమని తాళంచెవి! పొద్దున్నించీ ఆ మహాతల్లి దాని మీదే కూర్చుని ఏడుస్తోందర్రా!

నవ్వకండి, జాకీ లేస్తుంది. ఇక్కడ నవ్వకూడదు కూడా. ఎందుకంటే పేరిందేవమ్మ నవ్వలేదు. గవరయ్య తాళంచెవి తీసుకుని చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తాడు. ఆవిడ మాత్రం కోడలి చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడాదై ఎక్కడ ఏది పెడుతున్నానో గుర్తుండట్లేదమ్మాయ్ అంది. చెబితే తాళంచెవి ఇంక నా చేతికివ్వరు, ఇవ్వకపోతే నేనెందుకూ ఈ ఇంట్లో అని భయమేసింది, ఆ భయంతో నోరులేనిదాని మీద పెట్టేశాను అంది. కమ్మలు కోడలి చెవులకి తనే పెట్టింది.

తాయారు ఏమందో తెలుసా? దాయడం మీ పని అత్తయ్యా, వెతకడం బూరె పని, మధ్యలో భయం దేనికీ అంది. తాళంచెవి ఇవాళ సాయంత్రం మళ్ళీ మీ చేతికే వస్తుంది అంది.

ఇద్దరూ కొట్టు దగ్గరికి వెళ్ళారు. అప్పటికే రాజుగారొచ్చారు, తలుపు తెరిచారు, విత్తనాలు పంచుతున్నారు. తాళంచెవి ఆ పీలికతో సహా రాజుగారి చేతిలో ఉంది. బూరె జనంలోంచి దూరి వెళ్ళి, రాజుగారి ముందు దర్జాగా చతికిలబడి, మొహంలోకి చూసింది. రాజుగారికి అర్థం కాలేదు, దీనికేం కావాలయ్యా అన్నారు. మంత్రికీ తెలియలేదు, భటులకీ తెలియలేదు. అప్పుడు పేరిందేవమ్మ, ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా దాన్ని ముట్టుకోని పేరిందేవమ్మ, తోసుకుంటూ ముందుకొచ్చి, దాని కూలి దానికివ్వాలి ప్రభూ అని, చెంగు ముడి విప్పి రొట్టె ముక్క తీసి, తన చేత్తో దాని నోట్లో పెట్టింది.

ఆ రోజునించీ రోజూ దీపాలు పెట్టే వేళకి ఆ ఇంట్లో ఒకటే సందడి. అత్తగారు దాచడం, బూరె వెతకడం, గవరయ్య చప్పట్లు కొట్టడం. గడప మాట ఎవరూ ఎత్తలేదు. పేరిందేవమ్మ మరచిపోవడం మానిందా అంటే, మానలేదు, ఇంకా ఎక్కువైంది. అయితే ఏం, భయపడటం మానింది. అంతా హాయిగా ఉన్నారు. మీరూ గుర్తుపెట్టుకోండి, కుక్క గానీ మనిషి గానీ ఓ చోట కదలకుండా కూర్చుందంటే ఏదో చెబుతున్నట్టే, చెయ్యి పెట్టి చూడకుండా ఛీ లే అనకూడదు.

రేపు జాకీకి మొదలుపెడదాం. మూడు కొబ్బరిచిప్పలు కడిగి ఎండబెట్టాను. రొట్టె ముక్క కూడా గుడ్డలో కట్టి దాచా... ఎక్కడ పెట్టాను చెప్మా? గూట్లోనా? కాదు. బియ్యం డబ్బా వెనకా? అక్కడా కాదే.

ఏమంటావు హంసా? నువ్వు దాచు అమ్మమ్మా, మేమూ జాకీ వెతుకుతాం అంటావా? నా తల్లే! ఇటు రా, దగ్గరికి జరుగు. సరే, కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. దీపం తగ్గించు బాచీ.